గంటకెంత? – వాలు బోధనను గూర్చి కొన్ని ఆలోచనలు

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి లెక్కల జోలి ఎందుకని పాఠకులకు శంక కలుగవచ్చు. శాఖల మధ్య ఉండే గట్లను మేము ఎరుగకపోలేదు. అయినా ఒక శాస్త్రవిషయం విద్యార్థి మనస్సులో నిలవకుండా జారిపోతున్నప్పుడు, అది ఏ మాట దగ్గర జారిందో చూడవలసిన బాధ్యత భాషాబోధకులకు కూడా కొంత ఉన్నదని మా విశ్వాసం. ఆ ధైర్యంతోనే ఈ సంచికలో గణితశాస్త్రంలోని 'వాలు' అనే ఒక్క మాటను గూర్చి మా అభిప్రాయాలను విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.

వాలు అంటే ఏమిటని అడిగితే మన విద్యార్థులలో చాలామంది తడుముకోకుండా సూత్రం చెబుతారు. రెండు బిందువుల వై నిరూపకాల భేదాన్ని ఎక్స్ నిరూపకాల భేదంతో భాగించవలెను అంటారు. సూత్రం సరియైనదే. పరీక్షలో దానికి మార్కులు కూడా వస్తాయి. కాని అదే విద్యార్థి ముందు ఒక దూరం–కాలం గ్రాఫును ఉంచి, 'ఈ మనిషి ఎక్కడ త్వరగా నడిచాడు, ఎక్కడ ఆగాడు, ఎప్పుడు వెనుదిరిగాడు?' అని అడగండి. తరగతిలో నిశ్శబ్దం ఆవరిస్తుంది. గీత పైకి పోయి, కొంత మేర అడ్డంగా సాగి, మరల కిందికి దిగినదనుకోండి. 'గుట్ట ఎక్కాడు, గుట్టమీద నడిచాడు, గుట్ట దిగాడు' అనే సమాధానం వస్తుంది. నిజానికి ఆ గ్రాఫులో గుట్ట లేదు. ఒక మనిషి ఇంటి నుండి బయలుదేరాడు, ఒకచోట కొంతసేపు నిలిచాడు, తిరిగి ఇంటికి వచ్చాడు. కథ అంతే.

ఈ పొరపాటు దర్శి పిల్లలకు మాత్రమే పరిమితమైనది కాదు. అమెరికాలో భౌతికశాస్త్ర బోధనను పరిశోధించిన లిలియన్ మెక్‌డెర్మాట్, ఆమె సహచరులు 1987లో ప్రకటించిన వ్యాసంలోను, రాబర్ట్ బైష్నర్ 1994లో ప్రకటించిన పరీక్షాపత్రంలోను ఇవే పొరపాట్లు కనిపిస్తాయి. గ్రాఫును దారి బొమ్మగా చూడటం ఒకటి. గీత ఎంత ఎత్తున ఉన్నదో చూసి, అది ఎంత వాలుగా ఉన్నదో చూడకపోవడం మరొకటి. సకల సౌకర్యాలు గల కళాశాలల విద్యార్థులే అక్కడ తడబడినారు. కనుక లోపం మన పిల్లల తెలివితేటలలో ఉన్నదని ఎవరైనా అంటే మేము ఒప్పుకొనము. లోపం పాఠం నడిచే వరుసలో ఉన్నది. సూత్రం ముందు వస్తున్నది, అర్థం వెనుక వస్తున్నది, ఒక్కోసారి రానేరావడం లేదు.

మా అభిప్రాయాన్ని ఇక్కడే సూటిగా చెబుతాము. వాలును మొదట చలనం ద్వారా బోధించాలి. విద్యార్థి తాను నడిచి, తాను కొలిచి, తాను గీసిన దూరం–కాలం గ్రాఫు మీద వాలును కంటితో చూడాలి. దానిని తన ఇంటి మాటలలో, తెలుగులోనో ఉర్దూలోనో, కథగా చెప్పగలగాలి. ఆ తరువాతనే సూత్రం రావాలి. గణితశాఖ, భౌతికశాస్త్రశాఖ, భాషాశాఖలు మూడూ కలిస్తే తప్ప ఈ పని జరగదు.

ముందుగా మాట సంగతి చూద్దాం. తెలుగులో 'వాలు' అనే శబ్దం చిన్ననాటి నుండి మన చెవిలో ఉన్నదే. ఇంటి కప్పుకు వాలు ఉంటుంది. పక్షి కొమ్మ మీద వాలుతుంది. పొద్దు వాలుతుంది. తాతగారు వాలుకుర్చీలో వాలుతారు. ఈ ప్రయోగాలన్నింటిలోను ఒక సామాన్య లక్షణం కలదు. వాలడమంటే కిందికి ఒరగడం, దిగడం. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో 'ఢలాన్' అనే మాటది కూడా ఇదే స్వభావం. మనం 'పొద్దు వాలింది' అన్నచోట వారు 'దిన్ ఢల్ గయా' అంటారు. రెండు భాషలు వేర్వేరు కుటుంబాలవి. అయినా సూర్యుని దిగుడుకు, నేల దిగుడుకు రెండూ ఒకే ధాతువును వాడుకొన్నాయి. ఇది మనోహరమైన సామ్యం. గణితం క్లాసులో మాత్రం ఇదే చిక్కు తెచ్చిపెడుతున్నది. ఎడమ నుండి కుడికి పైకి లేచే గీతకు 'ధనాత్మక వాలు' ఉన్నదని ఉపాధ్యాయుడు అనగానే విద్యార్థి లోలోపల కలత చెందుతాడు. లేచేదానికి వాలేమిటి? అతడు అడగడు, వ్రాసుకొంటాడు. ఆ అడగని ప్రశ్న మీదనే తరువాతి పాఠాలన్నీ కట్టబడతాయి.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. గణితంలో వాలు అంటే దిగుడు మాత్రమే కాదనీ, ఎక్కుడు కూడా వాలేననీ, ఎక్కితే ధనమనీ, దిగితే ఋణమనీ, ఎక్కక దిగక సాగితే సున్న అనీ ఒక్క అయిదు నిమిషాలు మాట మీద నిలిచి చెప్పాలి. ఇంటి మాటకు, శాస్త్రం మాటకు గల భేదాన్ని దాచకుండా బయటపెట్టాలి. శాస్త్రం ఇంటి మాటను అరువు తీసుకొన్నప్పుడు దాని అర్థాన్ని కొంత సాగదీస్తుంది. ఆ సాగదీతను చెప్పకుండా దాటిపోవడం మనకు అలవాటై ఉన్నది.

ఇక రెండవ సంగతి మాకు మరింత ముఖ్యమైనదిగా తోస్తున్నది. వాలు అనే భావానికి మూలం నిష్పత్తి. 'అడ్డంగా ఒక్కటికి నిలువుగా ఎంత?' అనే ప్రశ్నే వాలు. ఈ ప్రశ్నను మన ప్రాంతపు పిల్లలు పుట్టినది మొదలు వింటూనే ఉన్నారు. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు? రోజుకు కూలి ఎంత? క్వింటాలుకు ధర ఎంత? గంటకు ఎన్ని కిలోమీటర్లు? ఈ ప్రశ్నలన్నింటిలోను 'కు' అనే చిన్న ప్రత్యయం ఒకటి కూర్చొని ఉన్నది. వ్యాకరణంలో దానిని షష్ఠీ విభక్తి ప్రత్యయాలలో చదువుకొంటాము. గణితం దృష్టితో చూస్తే అది భాగహారపు గుర్తు. 'ఎకరాకు 20 క్వింటాళ్లు' అన్న రైతు, మొత్తం పంటను మొత్తం ఎకరాలతో భాగించి ఆ మాట అన్నాడు. ఉర్దూలో ఈ పనిని 'ఫీ' అనే మాట చేస్తుంది. ఫీ ఏకర్, ఫీ ఘంటా అంటారు. శాతాన్ని 'ఫీ సద్' అంటారు, అనగా నూటికి ఇంత. చదువురాని తల్లి కూడా 'రోజుకెంత?' అని అడిగి వాలును లెక్కిస్తున్నది. ఇంత సంపద ఇంట్లో ఉండగా, వాలును వై రెండు, వై ఒకటి అనే అక్షరాలతో పరిచయం చేయడం ఏ విధంగా సమంజసం?

మన నేల కూడా ఈ పాఠానికి సిద్ధంగా ఉన్నది. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ఆ కుడికాలువ శాఖ ఒకటి దర్శి పేరు మీదనే సాగుతున్నది. ఆ నీరు ఇంత దూరం యంత్రాల బలం మీద రాలేదు. కాలువ అడుగు కిలోమీటరుకు ఇంత చొప్పున దిగుతూ రావాలని ఇంజనీర్లు లెక్కవేసి త్రవ్వించారు గనుక వచ్చింది. దిగుడు మితిమీరితే గట్లు కోసుకుపోతాయి. చాలకపోతే ఒండ్రు పేరుకొని నీరు నిలిచిపోతుంది. నీరు పల్లమెరుగునని మన పెద్దలన్నారు. ఆ పల్లం కిలోమీటరుకు ఎంత అని అడిగినవాడు ఇంజనీరైనాడు. మన పిల్లలలో ఆ ప్రశ్న అడిగే గుణం పెరగాలన్నదే మా ఆకాంక్ష.

ఇప్పుడు ఆచరణకు వద్దాం. కళాశాల మైదానంలో 100 మీటర్ల దూరం కొలిచి, 20 మీటర్లకు ఒక గూటం చొప్పున పాతించాలి. ప్రతి గూటం వద్ద ఒక విద్యార్థి నిలబడాలి. ఈనాడు ప్రతి జేబులోను ఫోను ఉన్నది, దానిలోనే స్టాప్‌వాచ్ ఉన్నది. ఈల వేయగానే అందరూ ఒకేసారి గడియారం నొక్కుతారు. ఒకరు మామూలు నడకతో బయలుదేరుతారు. ఆ మనిషి తమ గూటాన్ని దాటగానే అక్కడివారు కాలాన్ని వ్రాసుకొంటారు. తరువాత ఒకరు సైకిలు మీద బయలుదేరుతారు. ఉదాహరణకు నడిచేవారు 20 మీటర్లకు 16 సెకన్లు, సైకిలువారు 20 మీటర్లకు 5 సెకన్లు తీసుకొన్నారనుకొందాం. గళ్ల కాగితం మీద అడ్డంగా కాలం, నిలువుగా దూరం గుర్తించి బిందువులను కలిపితే రెండు సరళరేఖలు వస్తాయి. సైకిలు గీత నిటారుగా లేస్తుంది, నడక గీత ఒదిగి ఉంటుంది. నడక వాలు 100ను 80తో భాగిస్తే వచ్చే 1.25. సైకిలు వాలు 100ను 25తో భాగిస్తే వచ్చే 4. ఆ అంకెలే సెకనుకు ఇన్ని మీటర్లు అనే వడి. ఇంతవరకు సూత్రం మాట ఎత్తనవసరం లేదు. సూత్రం వారి చేతిలోనే పుట్టింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 'దూరం' అనే మాటను మనం రెండు అర్థాలలో వాడుతున్నాము. నడిచిన మొత్తం దూరం ఒకటి, ఇంటి నుండి ఉన్న దూరం మరొకటి. మొదటిది ఎన్నడూ తగ్గదు. తిరిగి వచ్చేవాని విషయంలో రెండవది తగ్గుతుంది. గ్రాఫు నిలువు అక్షం మీద ఏ దూరం ఉన్నదో స్పష్టంగా వ్రాయకపోతే, కిందికి దిగే గీతకు అర్థం ఉండదు. ఉపాధ్యాయుడు ఒక నిలువు గీత గీసి, 'ఇట్లా నడవడం ఎవరికైనా సాధ్యమా?' అని కూడా అడగాలి. ఒకే క్షణంలో అన్ని చోట్లా ఉండేవారెవరు? తరగతిలో నవ్వు పుడుతుంది. ఆ నవ్వుతో పాటు నిలువు రేఖకు వాలు ఎందుకు నిర్వచింపబడదో కూడా బోధపడుతుంది.

ఎత్తుకు, వాలుకు గల భేదాన్ని పట్టించే ప్రశ్న మరొకటి కలదు. నడిచే మనిషి 300 మీటర్లు ముందున్నాడు, నిమిషానికి 90 మీటర్లు నడుస్తున్నాడు. సైకిలువాడు వెనుక నుండి నిమిషానికి 240 మీటర్ల వడితో వస్తున్నాడు. రెండు గీతలూ 2 నిమిషాల వద్ద, 480 మీటర్ల ఎత్తున కలుస్తాయి. 'ఇద్దరి వడి ఎప్పుడు సమానం?' అని అడిగితే, చాలామంది గీతలు కలిసిన చోట వ్రేలు పెడతారు. అక్కడ సమానమైనది వారు ఉన్న స్థలం. వడి మాత్రం ఏ క్షణాన కూడా సమానం కాదు. మొదటి 2 నిమిషాలు నడిచేవాని గీత పైన ఉన్నది, అయినా సైకిలువాడే వడి గలవాడు. పైన ఉన్నవారెల్లా వేగంగా పోతున్నారని అనుకోరాదు. ఈ ఒక్క సత్యాన్ని గ్రహించిన విద్యార్థి వాలును గ్రహించినట్లే.

వంకర గీతల సంగతి కూడా కొంత చెప్పాలి. బస్టాండు నుండి కదిలే బస్సు ఒక్క వడితో పోదు, పుంజుకొంటూ పోతుంది. సాఫీగా వడి పెంచుకొనే బస్సును ఊహిద్దాం. 2, 4, 6, 8, 10 సెకన్ల చివర అది 2, 8, 18, 32, 50 మీటర్ల దూరంలో ఉన్నదనుకొందాం. ఒక్కొక్క 2 సెకన్లలో అది నడిచిన దూరాలు 2, 6, 10, 14, 18 మీటర్లు. వాటి నిష్పత్తి 1, 3, 5, 7, 9. బేసి సంఖ్యల ఈ వరుసనే గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో, పడే వస్తువుల చలనాన్ని గూర్చి నిరూపించాడు. అంతకు పూర్వమే, 14వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పండితుడు నికోల్ ఒరేమ్ కాలాన్ని అడ్డంగా, వడిని నిలువుగా గీసి చలనాన్ని బొమ్మగా చూపాడు.

ఆ బస్సు సరిగ్గా 4వ సెకను వద్ద ఎంత వడితో పోతున్నది? 4 నుండి 6 సెకన్ల వరకు చూస్తే సగటున సెకనుకు 5 మీటర్లు. 4 నుండి 5 వరకు చూస్తే 4.5. 4 నుండి 4.5 వరకు చూస్తే 4.25. 4 నుండి 4.1 వరకు చూస్తే 4.05. కాలాన్ని కుదించేకొద్దీ ఆ సంఖ్య 4ను సమీపిస్తున్నది. గ్రాఫు మీద ఇది ఛేదనరేఖ మెల్లగా స్పర్శరేఖగా మారడం. ఇంటర్మీడియట్ విద్యార్థి భయపడే అవకలనం ఇదే. భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంత శిరోమణిలో గ్రహాల చలనాన్ని చర్చిస్తూ 'తాత్కాలిక గతి' అనే భావాన్ని వివరించాడు. ఆ క్షణానికి చెందిన గతి అని అర్థం. ఎనిమిది శతాబ్దాలుగా మన వాఙ్మయంలో ఉన్న మాటను విద్యార్థికి చెప్పకుండా, కొత్త దేశపు కొత్త భూతాన్ని చూపినట్లు అవకలనాన్ని చూపడం విచారకరం.

ఇదంతా తరగతి గదిలో ఆట అని, జీవితంలో దీని ఉపయోగమేమని కొందరు అడగవచ్చు. మనకు సమీపాన గుంటూరు–గుంతకల్లు మార్గంలో కురిచేడు, దొనకొండ రైలు స్టేషన్లు ఉన్నాయి. నడికుడి–శ్రీకాళహస్తి నూతన రైలు మార్గం దర్శి మీదుగా తలపెట్టబడింది. ఆ రైళ్లను నడిపించే కంట్రోలు కార్యాలయంలో పని అంతా దూరం–కాలం గ్రాఫు మీదనే సాగుతుంది. ఒక అక్షం మీద గడియారం, మరొక అక్షం మీద స్టేషన్లు వాటి దూరాల ప్రకారం. ఒక్కొక్క రైలు ఒక్కొక్క ఏటవాలు గీత. ఎక్స్‌ప్రెస్సు గీత నిటారుగా, గూడ్సు గీత ఒదిగి ఉంటుంది. స్టేషనులో ఆగిన రైలు అడ్డగీత. ఎదురు దిశ రైలు ఎదురు వాలు. ఒంటి లైను మీద రెండు ఎదురు గీతలు స్టేషను వద్దనే కలవాలి. రెండు స్టేషన్ల మధ్య కలిస్తే దాని అర్థమేమిటో వివరించనక్కరలేదు. పారిస్–లియోన్ రైళ్లకు ఇబ్రీ అనే ఇంజనీరు పద్ధతిలో గీసిన ఇటువంటి పటాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త మారే తన గ్రంథంలో ప్రచురించాడు. ఆ గ్రంథం 1878లో వెలువడింది. పెన్సిలుతో గీసిన ఆ గీతలను నేడు మన దేశంలో కంప్యూటరు గీస్తున్నది. గీతల అర్థం మాత్రం మారలేదు. వేలమంది ప్రయాణికుల ప్రాణాలు వాలును సరిగా చదివే ఒక మనిషి చూపు మీద ఆధారపడి ఉన్నాయి.

అంతకంటె మన ఇంటికి దగ్గర సంగతి ఒకటి చెబుతాము. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు పత్రికలు, టెలివిజన్లు ప్రతిదినం గ్రాఫులు చూపాయి. మొత్తం రోగుల సంఖ్యను చూపే గ్రాఫులో గీత ఎత్తు అప్పటివరకు జబ్బుపడినవారి సంఖ్య. దాని వాలు ఆ రోజు కొత్తగా జబ్బుపడుతున్నవారి సంఖ్య. గీత పైకి పోతూనే దాని వాలు తగ్గవచ్చు. అప్పుడు వ్యాధి నెమ్మదిస్తున్నది, పోలేదు. ఈ భేదం తెలియనివారికి ఒకనాడు అకారణ భయం, మరునాడు అకారణ ధైర్యం. రెండూ ప్రమాదకరమే.

మిరప ధరల గ్రాఫులు కూడా ఇప్పుడు రైతుల ఫోన్లకు వస్తున్నాయి. వాటిలో ఒక మోసం దాగి ఉండవచ్చు. నిలువు అక్షం మీద స్కేలును సాగదీస్తే స్వల్పమైన పెరుగుదల కూడా కొండలాగ కనిపిస్తుంది. కుదిస్తే భారీ పతనం కూడా మైదానంలాగ కనిపిస్తుంది. కంటికి కనిపించే నిటారుతనం స్కేలును బట్టి మారుతుంది. అంకెలతో లెక్కించిన వాలు మారదు. అందుచేత తమ నడక గ్రాఫునే రెండు వేర్వేరు స్కేళ్ల మీద గీయించి, రెండింటి వాలు లెక్కింపజేయాలి. రెండు బొమ్మలు వేరు, జవాబు ఒక్కటే. ఈ అభ్యాసం చేసిన బిడ్డ రేపు తన తండ్రి సరుకు అమ్మకాన్ని గూర్చి సలహా చెప్పేటప్పుడు బొమ్మకు లోబడదు.

ఈ పద్ధతికి గల అభ్యంతరాలను కూడా పరిశీలించాలి. సిలబసు ఎక్కువ, కాలం తక్కువ అనేది మొదటిది. ప్రవేశపరీక్షల కాలంలో ఒక్కొక్క ప్రశ్నకు ఎక్కువ వ్యవధి ఉండదు, కనుక సూత్రమూ, దగ్గరి దారీ చాలునని కొందరి వాదం. ఈ వాదాన్ని మేము తేలికగా తీసుకోము. తమ పిల్లల సీటు కోసం తల్లిదండ్రులు పడే ఆరాటం మాకు తెలుసు. అయితే ఒక్క మాట. వాలు ఒక అధ్యాయంతో ముగిసే విషయం కాదు. సరళరేఖలలో అదే, అవకలనంలో అదే, భౌతికశాస్త్రంలో వేగం, త్వరణం అదే, అర్థశాస్త్రంలో ఉపాంత వ్యయం అదే. పునాదిలో రెండు పీరియడ్లు అధికంగా వెచ్చిస్తే పైన పది పీరియడ్లు మిగులుతాయి. పునాది లేక కట్టిన గోడను ప్రతి సంవత్సరం మరమ్మతు చేయడమే నిజమైన కాలహరణం.

రెండవ అభ్యంతరం మరింత సూక్ష్మమైనది. చలనం ద్వారానే వాలు నేర్పితే, వాలంటే వడి మాత్రమే అని విద్యార్థి అనుకొనే ప్రమాదం లేదా? ఉన్నది. అందుకే చలనం మొదటి మెట్టుగా ఉండాలి, చివరి మెట్టు కారాదు. రెండవ వారంలో కళాల మీద ఆరే మిరపకాయలను తీసుకొందాం. ఒక బుట్టెడు కాయలను ప్రతిదినం తూచి, అడ్డంగా దినాలు, నిలువుగా బరువు గుర్తిస్తే కిందికి దిగే గీత వస్తుంది. ఋణాత్మక వాలుకు ఇంతకంటె సహజమైన ఉదాహరణ మన ప్రాంతంలో దొరకదు. మొదటి దినాలలో తేమ త్వరగా పోతుంది, చివరికి మెల్లగా పోతుంది. గీత క్రమంగా ఒదుగుతుంది. నీళ్ల ట్యాంకు నిండటం, కరెంటు మీటరు తిరగడం, ఇవన్నీ అదే కోవలోనివి. అడ్డంగా ఒక్కటికి నిలువుగా ఎంత అనే ప్రశ్న మారదు, ఆ ఒక్కటి ఏమిటన్నదే మారుతుంది.

మూడవ అభ్యంతరం భాషకు సంబంధించినది. ఉన్నత విద్య ఆంగ్లంలో ఉండగా ఇంటి మాటలతో పనేమిటని అంటారు. ఆంగ్లం అక్కరలేదని మేము అనము. మన విద్యార్థులు ఆంగ్లంలో పరీక్ష వ్రాసి నెగ్గాలి. కాని అర్థం ఒకసారి ఏ భాషలో కుదిరినా, దానిని మరో భాషలోకి తీసుకుపోవడం సులభం. అర్థమే కుదరకపోతే మూడు భాషలలోను శూన్యమే. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత శాస్త్రాలను బోధించింది. అందుకోసం ఒక అనువాద విభాగాన్నే నెలకొల్పి పారిభాషిక పదాలను నిర్మింపజేసింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగులో అదే సేవ చేసింది. వడి, వేగం, త్వరణం, నిరూపకం వంటి మాటలతో శాస్త్రపాఠాలు చదువుకొన్న తరాలు ఉన్నాయి. ఈ రెండు వారసత్వాలూ ఒకే కప్పు కింద గల కళాశాల మనది. ఒక బల్ల మీద 'వాలు' అనేవారు, పక్క బల్ల మీద 'ఢలాన్' అనేవారు కూర్చొని ఉన్నారు. ఒకరి మాటకు మరొకరు అర్థం చెప్పుకొన్నప్పుడు, ఆ భావం మాట నుండి విడివడి ఇద్దరి మనస్సులలోను నిలుస్తుంది. ఇది పెద్ద కళాశాలలకు కూడా సులభంగా దొరకని అవకాశం.

లెక్కలంటే భయపడి, తమకు అందని శాస్త్రమని నిశ్చయించుకొని, ఇష్టమున్నా వేరే గ్రూపు ఎంచుకొనే విద్యార్థులను, ముఖ్యంగా విద్యార్థినులను, మేము ప్రతి సంవత్సరం చూస్తున్నాము. తెలుగు క్లాసులో చురుకుగా సమాధానం చెప్పే బిడ్డ లెక్కల క్లాసులో తల వంచుకొంటుంది. కూలి లెక్క, బియ్యం లెక్క, బస్సు చార్జీల లెక్క ఇంట్లో ఆ బిడ్డే చూస్తుంది. ఆమెకు రానిది లెక్క కాదు, ఆ లెక్కకు తొడిగిన వేషాన్ని ఆమె ఇంకా గుర్తుపట్టలేదు. ఆ గుర్తింపు కలిగించడం మన విధి. ఒక మాట అర్థం కాకపోవడం వలన ఒక జీవితపు దారి మారిపోవడం చిన్న నష్టం కాదు.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. ప్రథమ సంవత్సరపు తొలి నాలుగు వారాలలో గణిత, భౌతికశాస్త్ర అధ్యాపకులు కలిసి చెప్పే పీరియడు వారానికి ఒకటి ఏర్పాటు చేయాలి. ఒక కొలత టేపు, కొన్ని గూటాలు, ఒక ఈల, చాలినన్ని గళ్ల కాగితాలు సమకూర్చాలి. దీనికయ్యే ఖర్చు వార్షికోత్సవపు పూలదండల ఖర్చును మించదు. పారిభాషిక పదాల పట్టికను తెలుగు, ఉర్దూ, ఆంగ్ల భాషలలో విద్యార్థుల చేతనే తయారుచేయించి తరగతి గోడకు తగిలించాలి. అంతర్గత పరీక్షలో ఒక గ్రాఫును ఇచ్చి, దాని కథను పది వాక్యాలలో తమకు నచ్చిన భాషలో వ్రాయమని ఒక ప్రశ్న ఉండాలి. ఆ సమాధానాలను దిద్దే భారం భాషాశాఖలు పంచుకొంటాయి. తెలుగు వ్యాసరచనకు మాకు కేటాయించిన పీరియడులలో ఒకదానిని ఈ కార్యానికి ఇవ్వడానికి మేము సంసిద్ధులము.

విద్యార్థి మిత్రులారా! కమిటీ తీర్మానం కోసం మీరు వేచి ఉండనవసరం లేదు. రేపు కళాశాలకు వచ్చేటప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చోండి. కిలోమీటరు రాయి దాటినప్పుడల్లా కాలం వ్రాసుకోండి. సాయంత్రం గళ్ల కాగితం మీద గీయండి. ఎక్కడ గీత బాగా ఒదిగి ఉన్నదో అక్కడ బస్సు నెమ్మదించింది లేదా ఆగింది. ఎక్కడ నిటారుగా లేచిందో అక్కడ డ్రైవరు తొందరపడ్డాడు. ఆ గీతను మీ తమ్మునికో చెల్లెలికో చూపి, ప్రయాణమంతా కథగా చెప్పండి. వినేవారికి అర్థమైతే వాలు మీకు వచ్చినట్లే. అటుపిమ్మట సూత్రం మిమ్ములను వెతుక్కొంటూ వస్తుంది.